వలలో పడ్డ సముద్రపు గుర్రాన్ని ఇంట్లో పెంచొచ్చా? శ్రీకాకుళంలో ఎవరైనా ట్రై చేశారా?

అరసవల్లి రోడ్డు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌన్. ఇంట్లో మూడడుగుల ట్యాంకు ఉంది, ఎత్తు పదిహేను అంగుళాలు. ఎప్పట్నుంచో గప్పీలు, మోలీలు పెంచుతున్నాం, ఇబ్బందేం లేదు. ఇప్పుడు మా పాపకి సముద్రపు గుర్రాల పిచ్చి పట్టుకుంది. ఏడో తరగతి చదువుతోంది, ఏదో వీడియోలో మగ గుర్రం పిల్లల్ని కనడం చూసింది, ఆ రోజు నుంచి ఇంట్లో వేరే మాట లేదు. మా మామయ్య వాళ్ళది కళింగపట్నం వైపు. వాళ్ళ వలల్లో అప్పుడప్పుడు ఒకటీ అరా పడుతుందట, "ఈసారి పడితే బకెట్‌లో వేసి పంపిస్తాన్రా, దానిదేముంది" అన్నాడు. పాపకి ఆ మాట వినపడింది. ఇంక నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

నా డౌట్లు ఏంటంటే, సముద్రం నీళ్ళు క్యాన్లలో తెచ్చి ఇదే ట్యాంకులో పోసేస్తే సరిపోతుందా, లేక షాపులో అమ్మే ఉప్పు కలుపుకోవాలా? తిండి ఏం పెట్టాలి, గప్పీలకి వేసే గుళికలు తింటాయా? మా ఇంట్లో ఏసీ బెడ్‌రూంలోనే ఉంది, ట్యాంకు హాల్లో ఉంది, మే నెలలో మన ఎండల సంగతి తెలిసిందే కదా, తట్టుకుంటుందా? ఖర్చు ఎంతవుతుందో కూడా ఎవరైనా చెప్తే మంచిది. ఎవరైనా పెంచినవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, పాపని నేను ఎలాగోలా సముదాయించుకుంటాను.

జీడితోట రాశారు:

తెచ్చేయండి సార్, ఏమవుతుంది. సముద్రంలో పుట్టింది, సముద్రం నీళ్ళు పోస్తే బతుకుతుంది. వైజాగ్‌లో ఒక షాపులో నేను కళ్ళారా చూశాను, మామూలు గాజు డబ్బాలో ఉంచాడు, బాగానే తిరుగుతోంది. చిన్న ప్రాణి, అది ఎంత తింటుంది. మరీ టెన్షన్ పడకండి.

రణస్థలం రొయ్య రాశారు:

జీడితోట తమ్ముడూ, షాపులో బాగా తిరుగుతున్న దాన్నే మళ్ళీ పదిహేను రోజులకి వెళ్ళి చూడవలసింది.

అరసవల్లి రోడ్డు గారూ, నేను రొయ్యల హేచరీలో, అంటే గుడ్ల నుంచి రొయ్యపిల్లల్ని పుట్టించి పెంచే చోట, పని చేస్తాను. సముద్రం నీళ్ళతోనే మా బతుకు. సముద్రపు గుర్రాన్ని ఇంట్లో పెంచింది లేదు గాని, దానికి కావలసిన నీళ్ళూ తిండీ రెండూ నేను రోజూ చేసే పనే కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నీళ్ళ సంగతి ముందు చెప్తాను, అది సులువు. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఏట్లో వరద ఉన్నప్పుడు, అంటే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ఒడ్డున ముంచిన నీళ్ళు చూడ్డానికి సముద్రం నీళ్ళేగాని ఉప్పు సగానికి పడిపోయి ఉండొచ్చు, పైగా ఒండ్రు. మోఫస్ బందరు దగ్గర నాగావళి కలిసేచోటా ఇదే కథ. అసలు సముద్రానికి లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి, రిఫ్రాక్టోమీటర్‌లో రెండు చుక్కలు వేసి చూస్తే తెలిసిపోతుంది, ఆ పరికరం లేకుండా ఉప్పునీళ్ళ ట్యాంకు జోలికి వెళ్ళొద్దు. ఉప్పు సరిగ్గా ఉన్నా సరే, ఒడ్డు నీళ్ళు తెచ్చి నేరుగా ట్యాంకులో పోయకూడదు. మా దగ్గర ఇసుక ఫిల్టరు, సన్న ఫిల్టర్లు, క్లోరిన్, దాన్ని విరవడానికి థయోసల్ఫేట్, ఆ తర్వాత క్రిముల్ని చంపే యూవీ వెలుగు, ఇన్ని దాటాక గాని రొయ్యపిల్ల ముందుకి ఒక్క చుక్క వెళ్ళదు. ఎందుకంటే విబ్రియో అనే బ్యాక్టీరియా. రొయ్యలవాళ్ళకి ఈ పేరు చెప్తే నిద్ర పట్టదు. ల్యాబ్‌లో నీళ్ళ చుక్క ప్లేటు మీద రాసి ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి పసుపు చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. పసుపు ఉంటే చూద్దాంలే అనుకుంటాం, ఆకుపచ్చవి ఎక్కువైతే ఆ రోజు ఎవరికీ టిఫిన్ సయించదు. వీటిలో ఒక రకం ఎక్కువైతే చీకట్లో ట్యాంకే మిణుకుమంటుంది.

ఈ విబ్రియోయే సముద్రపు గుర్రాలకి కూడా పెద్ద శత్రువు. చర్మం మీద తెల్ల మచ్చలు, తోక కొస తెల్లబడి కుళ్ళిపోవడం, ఇవి దాని పనే అయి ఉంటుంది చాలాసార్లు. వేడి పెరిగేకొద్దీ ఇది విజృంభిస్తుంది. అందుకే పెంచేవాళ్ళు ఉష్ణమండలపు గుర్రాలకి కూడా నీళ్ళు 22 నుంచి 25 డిగ్రీల మధ్యే ఉంచుతారు. మన సముద్రం 28, 29 ఉన్నా అందులో బతుకుతున్నాయి కదా అని మీరు అడగొచ్చు. సముద్రంలో నీళ్ళు ఆగవు, మీ ట్యాంకులో అదే వంద లీటర్లు, అదే పెంట, అదే మిగిలిపోయిన తిండి. తేడా అక్కడే ఉంది. మే నెలలో మన హాల్లో నీళ్ళు 32 దాటతాయి, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ పెట్టాలి, ట్యాంకు ఖరీదు కంటే చిల్లర్ ఖరీదే ఎక్కువ.

ఇంతా చేసి నీళ్ళు నిలబెట్టారనుకుందాం. అసలు చిక్కు కడుపుది. సముద్రపు గుర్రానికి పళ్ళు లేవు, జీర్ణాశయం లేదు. మూతి గొట్టంతో ఎదురుగా వచ్చిన సన్న రొయ్యని లటుక్కున పీల్చుకుంటుంది, తిన్నది తొందరగా పేగులోంచి బయటికి పోతుంది. కాబట్టి పొద్దున ఒకసారి వేసి ఆఫీసుకి పోతే కుదరదు, రోజుకి రెండు మూడుసార్లు, ప్రతిసారీ చాలినంత ఉండాలి. గప్పీ గుళికలు ముట్టదు. సముద్రంలో పట్టిన గుర్రం కదలని తిండిని తిండి కిందే లెక్కెయ్యదు, చచ్చిన రొయ్య ముక్క దాని మూతి ముందు నుంచే తేలుకుంటూ పోతున్నా అలా చూస్తూ ఉంటుంది. దాని రెండు కళ్ళూ వేటికవి తిరుగుతాయి, ఒకటి మిమ్మల్ని చూస్తుంటుంది, ఒకటి తిండిని, అయినా తినదు. అలా చూస్తూనే చిక్కిపోతుంది. ఒంటి మీద ఎముక కవచం ఉంటుంది కాబట్టి చిక్కిన సంగతి మనకి తొందరగా తెలీదు కూడా, పొట్ట పక్కలు లోపలికి గుంటలు పడే వేళకి ఆలస్యమైపోతుంది. షాపులో "బాగా తిరుగుతున్న" గుర్రం ఇదే.

బతికున్న తిండి అంటే ఆర్టీమియా, ఉప్పునీళ్ళలో బతికే రొయ్యలాంటి సన్న ప్రాణి. మా హేచరీల్లో రొయ్యపిల్లలకి పెట్టేది అదే, గుడ్లు డబ్బాల్లో వస్తాయి. ఉప్పునీళ్ళు, గట్టిగా గాలి, వెలుతురు, 28 డిగ్రీల వేడి ఉంటే 24 గంటల్లో పగిలిపోతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే డొల్లలు పైకి తేలతాయి, నారింజరంగు పిల్లలు అడుక్కి దిగుతాయి, వాటిని సన్న గుడ్డలో వడకట్టి కడిగి వాడతాం. కానీ ఇవి అర మిల్లీమీటరు కూడా ఉండవు, పెద్ద గుర్రానికి ఇవేం సరిపోతాయి? వాటిని మళ్ళీ రెండు వారాలు స్పిరులినా అనే నాచు పొడి వేసి పెంచి సెంటీమీటరు సైజుకి తేవాలి. అది కూడా ఒట్టి ఆర్టీమియా మీద ఎక్కువ కాలం ఉంచితే పోషకాలు చాలవు, దానికి చేపనూనె లాంటివి పట్టించి పెట్టాలి. అంటే గుర్రం కోసం ఒక ట్యాంకు, గుర్రం తిండి కోసం రెండు మూడు బకెట్లు, మీ ఇంటి బాల్కనీ చిన్నసైజు హేచరీ అయిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే సరే!

మీ మామయ్యగారి బకెట్ ప్లాన్ మాత్రం వద్దని నా మాట.

తాబేళ్ళ కాపలా రాశారు:

రణస్థలం అన్న నీళ్ళు, తిండి చెప్పారు. ఎవరూ చెప్పనిది ఇంకోటుంది, నిజానికి మొదట చెప్పాల్సింది అదే. మనదేశంలో సముద్రపు గుర్రాన్ని పట్టడం, దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, ఒక చోటు నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళడం, అన్నీ నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో వీటినీ వీటి చుట్టాలైన పైప్ ఫిష్‌లనీ కలిపి మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అప్పట్లో పులి ఉన్న జాబితా అదే. ఈ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త షెడ్యూళ్ళు అమల్లోకి వచ్చాయి, రక్షణ మాత్రం పోలేదు. జైలు శిక్ష ఉన్న కేసు ఇది. "మా పాప ముచ్చట పడింది సార్" అంటే ఫారెస్టు వాళ్ళు వినరు. ఎండబెట్టింది షోకేసులో పెట్టుకున్నా అంతే.

ఇంత గట్టి చట్టం ఎందుకంటే, ఎండబెట్టిన గుర్రాలకి చైనా మందుల వ్యాపారంలో గిరాకీ ఉంది. తమిళనాడు వైపు పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖల్లో విపరీతంగా పట్టి కిలోల లెక్కన బయటికి పంపేవారు, ఇప్పటికీ అక్కడ దొంగచాటుగా తరలిస్తూ దొరికిపోతుంటారు. ప్రపంచవ్యాప్తంగా కూడా 2002లో సైట్స్ అనే, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో రెండో అనుబంధంలో చేర్చారు, అది 2004 నుంచి అమల్లో ఉంది. అంటే వేరే దేశం నుంచి తెప్పించాలన్నా పర్మిట్లు కావాలి.

మేం బారువ వైపు తాబేలు గుడ్ల సీజన్లో ఒడ్డు వెంట తిరుగుతుంటాం. మత్స్యకారులకి ఆలివ్ రిడ్లీ తాబేలుని ముట్టుకోకూడదని ఇప్పుడు బాగా తెలుసు, చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. సముద్రపు గుర్రానికి కూడా కేసు ఉందని మాత్రం చాలామందికి తెలీదు. మీ మామయ్యగారి తప్పేం లేదు, ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పండి.

జీడితోట రాశారు:

అమ్మో, కేసు సంగతి నాకు తెలీదు. మరి షాపులో బహిరంగంగానే పెట్టాడే!

తాబేళ్ళ కాపలా రాశారు:

పెట్టాడంటే పర్మిషన్ ఉన్నట్టు కాదు తమ్ముడూ. "పెంపకం ఫారంలో పుట్టిందండీ" అంటారు. సరే, ఆ ఫారం ఎక్కడ, దిగుమతి కాగితం ఏది అని అడిగి చూడు, మాట మార్చేస్తారు.

అరసవల్లి రోడ్డు రాశారు:

అందరికీ చాలా థాంక్స్. కేసు దాకా వెళ్తుందని నిజంగా ఊహించలేదు. మామయ్యకి నిన్న రాత్రే ఫోన్ చేసి చెప్పాను, "ఓలమ్మో, దీనికి కూడానా" అన్నాడు. ఇంకో రెండు ప్రశ్నలు. ఒకటి, వలలో పడితే మరి వాళ్ళు ఏం చెయ్యాలి? పట్టడం నేరం అంటే తెలీక పడిన దానికి కూడా భయపడాలా? రెండోది, ఫారంలో పుట్టినవి నిజంగా ఉంటాయా, ఉంటే వాటి పద్ధతి వేరేనా? కొనడానికి కాదు, పాప అడుగుతోంది. పొద్దున్నుంచీ అది నా ఫోన్‌లో మీ జవాబులే చదువుతోంది, "నాన్నా, కడుపే లేకపోతే ఆకలి ఎలా తెలుస్తుంది" అని అడిగింది, నా దగ్గర సమాధానం లేదు.

కళింగపట్నం కుర్రాడు రాశారు:

మొదటి ప్రశ్నకి నేను చెప్తాను, మాది వేటకెళ్ళే ఇల్లు. మరబోటు వలలో వచ్చినవి చాలావరకు పైకి వచ్చేసరికే అయిపోతాయి, గంటల తరబడి వల అడుగున ఈడ్చుకొస్తుంది కదా, మిగతా చేపల బరువు కింద నలిగిపోయి ఉంటాయి. ఒడ్డు నుంచి లాగే పెద్దవలలో పడినవి బతికే వస్తాయి. వల ఇసక మీదికి వచ్చాక నాచూ పుల్లలూ కవ్వళ్ళ చేపలూ ఒక్కచోట కుప్ప పడతాయి కదా, ఆ నాచులో దాని తోక చుట్టుకుని ఉంటుంది, రంగు కూడా నాచు రంగే, కదిలితేగాని కనిపించదు. మా పిన్ని వాళ్ళు కుప్ప ఏరుతున్నప్పుడు చేతికి గట్టిగా తగులుతుంది, ఎండు పుల్ల అనుకుంటారు. తోక వేలుకి చుట్టేస్తుంది చూడండి, లాగినా తొందరగా వదలదు.

ఏం చెయ్యాలంటే, బతికుంటే వెంటనే నీళ్ళలోకి వదిలెయ్యడమే. ఎండలో చేతిలో పట్టుకుని ఫోటోలు తీసుకుంటూ కూర్చోవద్దు, నీళ్ళలోనే ఉంచి నాచు ముక్కతో సహా వదిలితే మంచిది, అలలు విరిగేచోట కాకుండా కొంచెం లోపలికి వెళ్ళి. తెప్ప మీద ఉంటే అక్కడికక్కడే. కావాలని పట్టలేదు, పడింది, వదిలేశాం, అంతే. ఇంటికి తెచ్చుకుంటేనో అమ్మితేనో తంటా. మా ఊళ్ళో ఎవరూ వీటిని కొనరు, తినరు, కాబట్టి వదలడానికి మాకు పోయేదేం లేదు. మీ మామయ్య ఎవరో మాకు తెలిసే ఉంటుంది బాబూ, ఊరు చిన్నదే.

మూడు లాంతర్లు రాశారు:

ఆలస్యంగా చూశాను. నాది విజయనగరం, ఉప్పునీళ్ళ ట్యాంకు చాలా ఏళ్ళుగా నడుపుతున్నాను, గుర్రాలు లేవు, ఉండవు కూడా. మిగిలిన ప్రశ్నలకి నాకు తెలిసింది చెప్తాను.

ఫారంలో పుట్టినవి ఉంటాయి. హవాయిలో, ఆస్ట్రేలియాలో పెద్ద ఫారాలే ఉన్నాయి. అవి చిన్నప్పుడే ఫ్రీజ్ చేసిన మైసిస్ అనే సన్న రొయ్యలకి అలవాటు పడి పెరుగుతాయి, అందుకే అక్కడ ఇళ్ళల్లో పెంచడం సాధ్యమైంది. మనం వీడియోల్లో చూసే అందమైన ట్యాంకులన్నీ అలాంటివే, వల నుంచి బకెట్, బకెట్ నుంచి ట్యాంకు బాపతు కాదు. అలా అలవాటు పడినవాటికి కూడా ట్యాంకు ఎత్తుగా ఉండాలి, తోక చాపితే గుర్రం ఎంత పొడుగుంటుందో దానికి మూడింతల ఎత్తు, అంటే పదిహేను సెంటీమీటర్ల దానికి 45. ఎందుకంటే జత కట్టేటప్పుడు ఆడా మగా ఎదురెదురుగా నిట్టనిలువుగా పైకి లేస్తాయి, ఆ ఎత్తులో ఆడది గుడ్లు మగదాని సంచిలోకి దించుతుంది. మీ పదిహేను అంగుళాల ట్యాంకు, అందులో ఇసుకా నీటి మట్టం తీసేస్తే, ఆ లెక్కకే చాలదు. నీటి వేగం తక్కువ ఉండాలి, తోక చుట్టుకోవడానికి కొమ్మలు కావాలి, పక్కన చురుకైన చేప ఒక్కటి ఉన్నా తిండి మొత్తం అదే మింగేస్తుంది. ఈదడంలో దీనంత బద్ధకస్తుడు సముద్రంలో లేడు, వీపు మీది రెక్క సెకనుకి 35 సార్లు దాకా కొట్టుకుంటుంది గాని కదిలేది జానెడు.

పాప ప్రశ్నకి: ఆకలి కడుపులో సంచి ఉంటేనే తెలుస్తుందని కాదు తల్లీ, ఒంట్లో శక్తి తగ్గితే మెదడుకి తెలుస్తుంది. దానికి సంచి లేదు కాబట్టి దాచుకోవడం రాదు, అందుకే రోజంతా వేటలోనే ఉంటుంది. ఇంకో సంగతి, మగ గుర్రం ఒక్కసారికి వందల్లో పిల్లల్ని కంటుంది, కొన్ని జాతులు వెయ్యి పైన. కన్న క్షణం నుంచి తండ్రికీ పిల్లలకీ సంబంధం లేదు, సముద్రంలో వాటిలో పెద్దయ్యేవి వందకి ఒకటి కూడా ఉండవంటారు.

ఇక మీకు నా సలహా. ఉప్పునీళ్ళ ట్యాంకు మోజు ఉంటే క్లౌన్ ఫిష్ జత పెట్టుకోండి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు వీటిని హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు, కాబట్టి ట్యాంకులో పుట్టిన చేప అని అడిగి తీసుకోండి. గుళికలు తింటాయి, వంద లీటర్లు చాలు, సముద్రంలో అవి దాక్కునే ఎనిమొనీ అనే పువ్వులాంటి జీవి లేకపోయినా ఉంటాయి, సరిగ్గా చూసుకుంటే పదేళ్ళ పైన బతుకుతాయి. అవి కూడా గుడ్లు పెడతాయి, మగదే కాపలా కాస్తుంది, మీ పాపకి ఆ ముచ్చట తీరుతుంది. జతలో పెద్దది ఆడది, అది పోతే మగదే ఆడదిగా మారిపోతుంది. వారం రోజులు ప్రశ్నలకి సరిపడా సరుకు ఇది.

పాత ట్యాంకు వాడుకోవచ్చు, గాజు అతుకులు చూసుకుని. కానీ గప్పీల నీళ్ళు తీసి ఉప్పునీళ్ళు పోసి మర్నాడు చేప వేస్తే చస్తుంది. ఉప్పునీళ్ళలో పనిచేసే బ్యాక్టీరియా మళ్ళీ మొదటి నుంచి పెరగాలి, చేప పెంటలోంచి వచ్చే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. నాలుగు నుంచి ఆరు వారాలు చేప లేకుండా ట్యాంకు ఒట్టిగా నడవాలి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేప. ఈ నాలుగు వారాలు ఓపిక పట్టలేకే మనవాళ్ళలో సగం మంది మానేస్తారు. నీళ్ళు ఆర్‌ఓ పట్టి, ఉప్పునీళ్ళ ట్యాంకుల కోసం షాపులో అమ్మే ప్యాకెట్ ఉప్పు కలపండి, వంటుప్పు కాదు. ఒడ్డు నీళ్ళ సంగతి రణస్థలం మేస్టారు చెప్పేశారు.

వేడికి మొదట ఫ్యాన్ పెట్టి చూడండి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, క్లౌన్‌కి 28, 29 దాకా ఫర్వాలేదు. కానీ ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది, రోజూ తగ్గిన మట్టం మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్ళే పోయాలి. ఇది మర్చిపోయి ఉప్పునీళ్ళు పోస్తూ పోతే నెల తిరిగేసరికి ట్యాంకు ఊరగాయ జాడీ అయిపోతుంది. వానాకాలం ఉక్కపోతలో ఫ్యాన్ అంతగా పనిచెయ్యదు, ట్యాంకుని పడమటి గోడకి దూరంగా పెట్టండి.

కరెంటు గురించి ఎవరూ అడగలేదు, మన జిల్లాల్లో అదే అసలు సమస్య. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, అంతకుముందు 2014లో హుద్‌హుద్‌కి మా విజయనగరంలోనూ అదే గతి. ఇన్వర్టర్ ఒక రాత్రికి సరిపోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి, దానికి సరిపడా బ్యాటరీలు ఇంట్లో ఉంచుకోండి. తుపాను హెచ్చరిక రాగానే చేపకి తిండి ఆపెయ్యండి, రెండు మూడు రోజులు తినకపోయినా క్లౌన్‌కి ఏమీ కాదు, నీళ్ళు మాత్రం పాడవ్వవు. గుర్రాలు ఉండి ఉంటే ఆ మాట అనగలమా?

జీడితోట రాశారు:

తిత్లీ అప్పుడు మా ఇంట్లో మనుషులకే నీళ్ళు లేవండీ, చేపల సంగతి దేవుడెరుగు. ఒప్పుకున్నాను, మీరు చెప్పిందే రైటు.

అరసవల్లి రోడ్డు రాశారు:

మూడు లాంతర్లు గారూ, మీ జవాబు పాపకి చదివి వినిపించాను. మగది ఆడదిగా మారుతుందన్న దగ్గర ఆగిపోయింది, ఇంక గుర్రం మాట ఎత్తలేదు. క్లౌన్ ఫిష్‌కే ఫిక్స్ అయ్యాం. ట్యాంకు ఈ ఆదివారం ఖాళీ చేస్తున్నాం, గప్పీల్ని మా తోడల్లుడికి ఇచ్చేస్తున్నాను, ఆయన తొట్టి ఖాళీగానే ఉంది.

రణస్థలం రొయ్య గారూ, ఆ గుడ్లు పగలడం పాప తన కళ్ళతో చూడాలంటోంది, స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి కూడా పనికొస్తుందని. కూల్‌డ్రింక్ సీసాలో చేసుకోవచ్చా? క్లౌన్‌కి అవి పెట్టొచ్చా?

రణస్థలం రొయ్య రాశారు:

చక్కగా చేసుకోవచ్చు. రెండు లీటర్ల సీసా అడుగు కోసేసి, తలకిందులుగా నిలబెట్టండి, మూత బిగించే ఉంచాలి. లీటరు నీళ్ళకి 25, 30 గ్రాముల ఉప్పు, దీనికైతే అయొడిన్ లేని కళ్ళుప్పు అయినా ఫర్వాలేదు. గాలి గొట్టం కొస మూత దాకా దిగాలి, గుడ్లు అడుగున పేరుకోకుండా తిరుగుతూ ఉండాలి. గుడ్లు పావు చెంచా చాలు, మొదటిసారి అందరూ డబ్బాలో సగం వేసేస్తారు. పక్కన ఒక లైటు. మర్నాటికి నీళ్ళు నారింజ రంగు తిరుగుతాయి. గాలి ఆపి, సీసా మధ్యలో సన్న గొట్టం పెట్టి అడుగు నుంచి లాగి, పాత పంచె గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో ఒక్కసారి కడిగి వెయ్యండి. పైన తేలిన డొల్లలు మాత్రం ట్యాంకులోకి పోనివ్వకండి. క్లౌన్‌లు ఎగబడి తింటాయి, అయినా రోజూ ఇదే పెట్టకండి, వారానికి రెండుసార్లు చాలు, మిగతా రోజులు గుళికలే.

గుడ్ల డబ్బా పెద్దది కొనొద్దు, మీకు ఏళ్ళు వస్తుంది. మూత తీశాక తేమ తగిలితే పగలడం తగ్గిపోతుంది, గాలి దూరని సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. చూడ్డానికి దాల్చినచెక్క పొడిలా ఉంటుంది, మా ఆవిడ ఒకసారి దాదాపు పులావులో వేసేసింది.